నాలుగో సోల

"ఒట్టెయ్యమంటే ఎయ్యవేటే?"

జగన్నాధం కేకకి శాలలో నెమరేస్తున్న గేదెలు కూడా ఆగి తలలు తిప్పాయి.

దానమ్మ పెరట్లో గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ముందు పాత చీరపేలిక, పేలిక మీద మహా అయితే రెండు సోలల బియ్యం. పొద్దున్నే పేడ ఎత్తడానికి వచ్చిన మనిషి పని ముగించుకుని పోతుంటే, కొంగు చాటున ఆ బరువేమిటని ఇంటావిడ కాంతమ్మ ఆపింది. ఆపడమేమిటి, జుట్టు పట్టుకుని లాగినంత పని చేసింది. అప్పటి నుంచి గంటసేపుగా ఇదే పంచాయితీ.

జగన్నాధం చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో మండుతున్న కర్పూరం.

"పోలమ్మ తల్లి మీద ఒట్టేసి కర్పూరం ఆర్పు. దొంగతనం సెయ్యనేదని సెప్పు. ఇప్పుడే ఒగ్గీస్తాను."

"దొంగతనం సెయ్యనేదు బాబూ. ఒట్టు మాత్రం ఎయ్యను."

"ఎందుకెయ్యవు?"

"మా పెబువు ఒట్టెయ్యొద్దన్నాడు. అవునంటే అవును, కాదంటే కాదు. నాకంతే తెల్సు బాబూ."

కర్పూరం తనంతట తనే కరిగి, నల్లటి మరక మిగిల్చి ఆరిపోయింది.

ఆ ఊళ్ళో తాతలనాటి నుంచీ తీర్పు అదే. నిజాయితీ ఉన్నవాడు చెయ్యి కాలినా సరే కర్పూరం ఆర్పుతాడు. దొంగ వెనకాడతాడు. నిజాయితీ ఉన్నందుకే ఒట్టు వెయ్యని మనిషి ఒకతె ఉంటుందని ఆ ఊరికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా వినేటంత తీరిక జగన్నాధానికి లేదు.

వంటింటి గుమ్మంలో కూతుర్ని చంకనేసుకుని నిలబడ్డ కోడలు నీలవేణి పిల్లని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"సూసేవా, ఆర్పనేదు!" కాంతమ్మ మొగుడి వైపు తిరిగింది. వంగి నాలుగు గింజలు అరచేతిలోకి తీసుకుంది. "పొట్టి గింజ. తైచుంగు బియ్యం. ఈ ఊర్లో ఆ కొత్త ఇత్తనం ఏసినోళ్ళు మనం కాక ఎవరున్నారు? మన కుండలో బియ్యం ఇయ్యి. ఎక్కడివే నీకు?"

దానమ్మ పేలిక అంచులు దగ్గరికి లాక్కుంది.

"అది గుమ్మం దాటి లోపలికి రాదు గదా," జగన్నాధం మీసం మీద చెయ్యి వేసి అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా శాల దగ్గరే ఆగిపోద్ది. మరి లోపలి కుండలో బియ్యం దాని కొంగులోకి కాళ్ళొచ్చి నడిసేయా?"

జగన్నాధం చుట్టూ అందరినీ ఒకసారి చూశాడు.

"ఎవరో ఇచ్చేరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాను పట్టుకుంటాను." దానమ్మ మీదికి వంగాడు. "ఎవరిచ్చేరో పేరు సెప్పు. నిన్నొగ్గీస్తాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నీలవేణి చెయ్యి తనకు తెలియకుండానే కొంగు సర్దుకుంది.

దానమ్మ తల ఎత్తింది. జగన్నాధాన్ని చూసింది, కాంతమ్మని చూసింది, చూరు కింద చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళ కొడుకు గణపతిరావుని చూసింది. గుమ్మం వైపు మాత్రం పొరపాటున కూడా కన్ను తిప్పలేదు.

"ఆ పేరు నా నోటంట రాదు బాబూ. నన్నేటి సేసినా సరే."

"నిన్నేటి సేస్తాను? ముసిలిదానివి." జగన్నాధం నడుం నిటారు చేశాడు. "పొద్దు నడినెత్తికొచ్చే లోపల పేరు సెప్పాల. సెప్పకపోతే ఈ ఏడు కోతలకి నువ్వే కాదు, మీ క్రీస్తు పేటోళ్ళెవరూ నా పొలంలో కాలెట్టకూడదు. పదిహేడు కొంపలూ ఏం తింటాయో మీ పెబువునే అడగండి."

దానమ్మ పెదవులు కదిలాయి. ప్రార్థన చేసుకుందో, పదిహేడు కొంపలూ లెక్కపెట్టుకుందో తెలియదు.

*

వంటింట్లో పొయ్యి ఇంకా వెలగలేదు. బియ్యం కొలవాల్సిన కాంతమ్మ పెరట్లో కాపలా కూర్చుంది మరి.

ఆ ఇంట్లో బియ్యం కుండ మీద చెయ్యి వేసే హక్కు కాంతమ్మది. తలకొక సోల. మొగుడికి ఒకటి, కొడుక్కి ఒకటి, తనకి ఒకటి, కోడలికి ఒకటి. చిన్నతల్లి నాలుగేళ్ళ గుంట గనక తల్లి కంచంలోనే తింటుంది. ప్రతి సోలా నిండగానే అరచేత్తో పైన రాసి చదును చేసి మరీ చేటలో పోస్తుంది. గింజ ఎక్కువా పోదు, తక్కువా పోదు. కోడలు సొంత అన్న కూతురే అయినా కొలత కొలతే.

ఆ చేటలోంచి పూటకొక పిడికెడు నీలవేణి తీసి పక్కన పెట్టేది. పొయ్యి వెనక మసి పట్టిన ముంతలో. వండి అందరికీ వడ్డించాక ఆ పిడికెడు లోటూ ఆమె కంచంలోనే తేలేది. ఏడాదిగా అంతే. శుక్రవారం మధ్యాహ్నం అవన్నీ మూటకట్టి శాలలో గడ్డి కింద పెట్టేది. శనివారం దానమ్మ పట్టుకుపోయేది. ఆదివారం వాళ్ళ ప్రార్థన పాకలో అందరి పిడికెళ్ళూ కలిపి, ఆ వారం పొయ్యి వెలగని ఇళ్ళకి పంచుకునేవాళ్ళు.

ఎక్కడ మొదలైందీ కథ? రెండేళ్ళ కిందట. పురిట్లో మగబిడ్డ పోయి, ఒళ్ళు కాలిపోతూ శాల పక్క గదిలో నీలవేణి పడి ఉన్నప్పుడు, ఆ గాలి సోకుతుందని ఇరుగూ పొరుగూ గడప తొక్కలేదు. దానమ్మ అసలే తొక్కకూడని మనిషి. అందుకని కిటికీ అవతల, పేడ తట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. ఒక రోజు కాదు, పంతొమ్మిది రోజులు.

"నాను లోపలికి రాలేనమ్మా. ఆయన రాగలడు," అంది ఒక సాయంత్రం. "ఆయనకి మైలా, అంటూ ఏటీ నేదు."

అంత చిన్న మాట. నీలవేణి దాన్ని పట్టుకుని లేచి కూర్చుంది.

"ఇప్పుడేటి సేస్తావు?"

గణపతిరావు ఆమె వెనకాలే వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. అతనికి అన్నీ తెలుసు. నాలుగు నెలల కిందట ముంత చూశాడు, అడిగాడు, విన్నాడు, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. చాటుగా ఊరుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

"నువ్వేటి సేయమంటావు బావా?"

"ఏటీ సెయ్యొద్దు. నోరు మూసుకో. మధ్యాన్నందాకా నాన్న అరుస్తాడు, తరవాత దాన్ని నాలుగు తిట్టి తోలేస్తాడు. అయిపోద్ది."

"కోతలో?"

"కోతలు మన ఊళ్ళోనే ఉన్నాయేటి? ఎక్కడికో ఎల్తారు. ఆళ్ళకి మాటలు పడ్డం అలవాటేనే."

నీలవేణికి చర్రున మండింది. చిన్నతల్లిని దించి, మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అలవాటా? నేను సేసిన పనికి దాన్ని జుట్టు పట్టుకుని లాగితే, అది అలవాటా? నీ పెళ్ళాం పేరు రాకుండా పళ్ళు బిగించుకుని కూకుంది బావా అది! ఒక్క ముక్క అనేస్తే దాని పేటంతా బతికిపోద్ది. అననేదు. నువ్వు సూసేవు గదా, నా మీదికి కన్ను కూడా తిప్పనేదు!"

"మెల్లగా. నాన్న వింటాడు."

"ఎప్పుడూ ఆ మాటే. నాన్న వింటాడు, అమ్మ వింటాది. నీ నోట్లోంచి ఆళ్ళు వినాల్సిన మాట ఎప్పుడొస్తాది?"

గణపతిరావు మొహం ఎర్రబడింది. మెత్తని మనిషికి కోపం వస్తే ఎదుటివాళ్ళకి ఎక్కడ నొప్పో అక్కడే పొడుస్తాడు.

"పెద్ద క్రీస్తుదానివి బయల్దేరేవు. బాప్తీసం నేదు, ఏటీ నేదు. ఆ పాకలో కూకుని ఒక్కనాడైనా నోరు తెరిసేవా? సాటుగా పిడికెడు బియ్యం పడేసి సాటుగా వచ్చీడమేనా నీ భక్తి? నేను సాటుమనిషినైతే నువ్వేటి?"

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది.

ఎందుకంటే అది నిజం. వడ్లు దంపించే నెపంతో పాకకి వెళ్ళిన ప్రతిసారీ అదే జరిగేది. పాట అయ్యాక దానమ్మ అడిగేది: "ఎవరైనా సాక్ష్యం సెప్తారా?" ఒకరు లేచి, జ్వరం తగ్గిందనో, మొగుడు సారా మానేశాడనో, కన్నీళ్ళలో దేవుడు తోడు నిలిచాడనో చెప్పేవాళ్ళు. దానమ్మ కళ్ళు ఒక్క క్షణం నీలవేణి మీద ఆగేవి. నీలవేణి చాపలో ఈనెలు పీకుతూ తల వంచుకునేది. దానమ్మ ఒత్తిడి చేసేది కాదు.

"పర్వానేదమ్మా," అనేది తిరుగుదారిలో. "నమ్మకం కూడా ఆ బియ్యం లాంటిదే. రోజుకి పిడికెడు. రేపటిది రేపు. ఒక రోజు ముంత నిండుతాది, అప్పుడు నువ్వే సెప్తావు."

ఇప్పుడు ఆ దానమ్మ బయట ఎండలో కూర్చుంది.

"సెప్పేవనుకో," గణపతిరావు గొంతు తగ్గించాడు. కోపం చల్లారి భయం మిగిలింది. "నాన్న సంగతి నీకు తెల్సు. నిన్ను శ్రీకూర్మం మీ పుట్టింటికి బండెక్కించేస్తాడు. గుంటని పంపడు. మా ఇంటి పిల్లంటాడు. అప్పుడేటి సేస్తావు? అది నీ కంచంలో తప్ప తినదు."

చిన్నతల్లి పొయ్యి దగ్గర కూర్చుని చల్లారిన బూడిదలో వేలితో గీతలు గీస్తోంది. నీలవేణి ఆ పిల్లని చూసింది. చూస్తూ ఉండిపోయింది. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు పెద్దలు. ఎటు కదిలినా తెగేది తనే.

ఆమెకి దేవుడి మీద కూడా కోపం వచ్చింది. పంతొమ్మిది రోజులు కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చున్నవాడు ఈ ఒక్క పూట తనని నోరు మూసుకుని ఉండనిచ్చి ఉంటే బాగుండేది.

పొయ్యి వెనక చెయ్యి పెట్టి ముంత బయటికి తీసింది. అడుగున నిన్న సాయంత్రం తీసిన పిడికెడు ఉంది.

"ఇటియ్యి," గణపతిరావు చెయ్యి చాచాడు. "కుడితిలో కలిపీస్తాను."

"ఒగ్గు బావా."

"నీలా!"

"ఒగ్గమన్నాను."

అతను వదలలేదు. ఇద్దరి మధ్యా ముంత అటూ ఇటూ ఊగింది. నీలవేణి అతని కళ్ళలోకి చూసింది. అతని వేళ్ళు వాటంతట అవే జారాయి. ఆమె తలుపు తీసింది.

*

పొద్దు నడినెత్తికి వచ్చింది. దానమ్మ నీడ ఆమె కాళ్ళ కిందికి చేరిపోయింది.

"ఆఖరిసారి అడుగుతన్నాను," జగన్నాధం అంటున్నాడు. "ఒట్టెయ్యవు. పేరు సెప్పవు. పోనీ నువ్వు దొంగవి కాదని సెప్పేవోళ్ళు ఒక్కరున్నారేటి? ఈ ఊర్లో నీకు సాక్ష్యం సెప్పేవోళ్ళెవరే?"

సాక్ష్యం. చాప లేదు, పాట లేదు, కళ్ళు మూసుకున్న మనుషులు లేరు. పేడ కంపు, ఎండ, ఎదురుగా మావ మీసం. ఆ మాట ఇక్కడ వినపడుతుందని నీలవేణి ఎన్నడూ అనుకోలేదు.

"నేను సెప్తాను మావా."

గుమ్మం దిగి వచ్చి దానమ్మ పక్కన నిలబడింది. ముంతని ఆ మూట పక్కనే నేల మీద పెట్టింది.

"ఆ బియ్యం నేనిచ్చేను. ఇది మళ్ళీ వారానికి తీసింది. దానమ్మ దొంగ కాదు."

దానమ్మ గబుక్కున ఆమె చీర అంచు పట్టుకుంది. "వద్దమ్మా. గుంట తల్లివి. వద్దు."

"ఇంకెన్నాళ్ళు వద్దంటావే?" నీలవేణి విసురుగా అంది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియదు. కళ్ళనిండా నీళ్ళు.

జగన్నాధం మొదట నమ్మలేదు. తరవాత నవ్వాడు. ఆ నవ్వు కోడలి మీద కాదు, పెళ్ళాం మీద.

"ఇన్నావా కాంతం? మీ పుట్టింటి బుద్ది. నా కుండకి కన్నమేసింది నీ అన్న కూతురే!"

కాంతమ్మ మొహం మాడిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఏం పోయినా, ఏం పగిలినా పుట్టింటి పేరు ముందు వచ్చేది. ఆమె నీలవేణి మీదికి దూకింది.

"ఏటి లోటు సేసేనే నీకు? అడిగితే నేదన్నానా? అన్న ముందు నా తల ఎక్కడెట్టుకోమంటావు?"

"కుండలోంచి తియ్యనేదు అత్తా. నువ్వు కొలిసిందాన్లోంచి నా వంతు తీసేను. నా కంచంలో తగ్గించుకున్నాను. పూటకి పిడికెడు. ఎవరి మెతుకూ ముట్టుకోనేదు."

"ఎవరికోసం?" జగన్నాధం నవ్వు ఆపేశాడు.

"దేవుడికి."

"ఏ దేవుడికి?"

గణపతిరావు గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పకు చెప్పకు అన్నట్టు.

"దానమ్మ దేవుడికి," అంది నీలవేణి. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. "యేసుపెబువుకి. ఇప్పుడాయన నా దేవుడు కూడా. బిడ్డ పోయి నేను సావబోతుంటే మీరెవరూ నా గదిలోకి రానేదు మావా. ఆయనొచ్చేడు. ఇదే నా సాక్ష్యం. ఏడాది కిందటే సెప్పాల్సింది. ఇయ్యాల సెప్తన్నాను."

"కూర్మనాధుడికి మొక్కుకుంటే పుట్టిన గుంటవే నువ్వు!" కాంతమ్మ నెత్తి కొట్టుకుంది.

జగన్నాధం పళ్ళెం తీసి, మొలలోంచి ఇంకో కర్పూరం బిళ్ళ తీసి వెలిగించాడు. అగ్గిపుల్లలు రెండు విరిగాయి.

"పోలమ్మ మీద ఒట్టెయ్. ఇదంతా అబద్దం, ఇది నీకు మందెట్టి మాయ సేసిందని సెప్పి ఆర్పు. జరిగిందేదో జరిగింది. ఇంట్లోకి ఎల్లి వంట సూసుకో."

అంత సులువు. రెండు వేళ్ళతో నొక్కితే ఆరిపోయే మంట. నీలవేణి దాన్ని చూసింది.

"ఒట్టెయ్యను మావా."

రెండో కర్పూరం కూడా తనంతట తనే ఆరిపోయింది. ఒకే పూట, ఒకే పెరట్లో.

"సరే, పంచేది ఎవరికట? ఆ పేట సోమరిపోతులకా?" జగన్నాధం పళ్ళెం విసిరికొట్టాడు. అది గోడకి తగిలి ఖంగుమంది.

"సోమరిపోతులా?" ఇన్నాళ్ళూ మావ ఎదుట తలెత్తని నీలవేణి ఇప్పుడు తల దించలేదు. "మీ దగ్గర ముప్పై ఏళ్ళు పాలేరుతనం సేసిన కూర్మయ్య గుర్తున్నాడా మావా? మీ బండి కింద పడి కాలిరిగితే ఇంటికి పంపీసేరు గదా. ఆడు క్రీస్తోడు కాడు, మన పోలమ్మకే మొక్కుతాడు. ఈ కార్తీకమంతా ఆడికి గంజెవరు పోసేరో అడిగేరా? మీ బియ్యమే మావా. మీ తైచుంగు బియ్యమే. మీ పేరు మీద పుణ్యం నేను మోసేను!"

జగన్నాధం చెయ్యి పైకి లేచింది.

లేచిన చెయ్యి అక్కడే ఆగింది. కొట్టడం చేతకాక కాదు. కూర్మయ్య పేరు వినగానే ఆయన మొహంలో ఏదో చిన్నబోయింది. ఆ చిన్నబోవడం ఎదుటివాళ్ళు చూశారన్నది ఆయనకి కోడలి మతం కన్నా పెద్ద అవమానమైంది.

"ఒరే గణపతీ!" కేక పెట్టాడు. "బండి కట్టు. దీన్ని బొబ్బిలి బస్సెక్కించు. శ్రీకూర్మం ఎల్లి వాళ్ళ బాబుకి సెప్పుకోమను ఏ దేవుడికి కంచం తియ్యాలో. గుంట ఇక్కడే ఉంటాది. పేటోళ్ళ కోతల మాట మళ్ళీ సూస్తాను. ఆ మూట ఇంట్లోకి తే కాంతం."

గణపతిరావు కదల్లేదు.

"ఇనపడనేదేట్రా?"

గణపతిరావు పెళ్ళాం వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. తల వంచుకుని ఎద్దుల వైపు నడిచాడు.

నీలవేణి అతని వీపునే చూస్తూ నిలబడింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపమే. ఇలాంటి మనిషి చేతిలో చెయ్యి పెట్టి ఏడడుగులు నడిచానా అనుకుంది.

కాంతమ్మ వంగి మూట ముడి వేసింది. లేచింది. లేచి ఇంట్లోకి నడవలేదు. కోడలి ఎదుటికి వచ్చి ఆగింది.

"ఏడాదై?"

"ఏడాదై అత్తా."

"పూటకి పిడికెడు?"

"పిడికెడే."

"గుంట కూడా నీ కంచంలోనే తిన్నాది గదా?"

నీలవేణి చూపు వంటింటి వైపు వెళ్ళింది.

"నాను సూసేను," కాంతమ్మ గొంతు మారింది. కోపం అలాగే ఉంది, దాని మొహమే వేరే వైపు తిరిగింది. "నీ కంచం ఎలితిగా ఉండ్డం నాను సూసేను. బిడ్డ పోయిన దిగులనుకున్నాను. ఒక్కనాడైనా ఇంకొంచెం ఎట్టుకోమని అన్నేదు. కొలిసింది సరిపోద్దిలే అనుకున్నాను." మొగుడి వైపు తిరిగింది. "సాక్ష్యం అడిగేవు గదా. ఇదిగో సాక్ష్యం. కుండలో బియ్యం పోనేదు. అది దాని కడుపులోంచి తీసింది."

"అయితే ఏటంటావు?" జగన్నాధం గర్జించాడు.

"ఏటీ అన్ను. నా అన్న కూతురు కడుపు మాడ్చుకున్న బియ్యం నా ఇంట్లో ఉడకనివ్వను. ఆ ఉసురు నాకొద్దు."

మూటని దానమ్మ ఒళ్ళో పడేసింది. పెట్టడం కాదు, పడేయడమే. తాకకుండా, జాగ్రత్తగా పైనుంచి.

"ఎల్లు. మళ్ళీ నా శాలలో కనపడ్డావంటే సీపురు తిరగేస్తాను."

దానమ్మ లేచింది. ఎండలో కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి. నీలవేణి చెయ్యి అందించింది. ఇరవై ఏళ్ళలో ఆ ఇంటి మనిషి ఎవరూ దానమ్మని తాకలేదు. తాకిన ఆ చేతిని ముసలామె రెండు క్షణాలు ఎక్కువే పట్టుకుంది.

"రేపటికి బెంగెట్టుకోకమ్మా," అంది నెమ్మదిగా. "ఇయ్యాల్టికి పిడికెడు సాలు. ఇచ్చీసేవు."

*

వంటింట్లో నీలవేణి పొయ్యి వెలిగించింది. మూట సర్దుకోమని ఎవరూ చెప్పలేదు, వంట మానమనీ ఎవరూ చెప్పలేదు. చెయ్యి అలవాటైన పనిలోకే వెళ్ళింది. ముంతని పొయ్యి వెనక దాచలేదు. పక్కనే, అందరికీ కనపడేటట్టు పెట్టుకుంది.

చిన్నతల్లి వచ్చి ఒళ్ళో చతికిలబడింది. "ఆకలేత్తాంది."

"ఉడకాల అమ్మీ," అంది నీలవేణి. ఆ పిల్ల నెత్తి మీద గడ్డం ఆనించి ఉండిపోయింది. రేపీపాటికి ఈ నెత్తి ఎవరు దువ్వుతారో. ప్రభువా అని మొదలుపెట్టింది. ఆ తరవాత మాటలు రాలేదు.

కాంతమ్మ లోపలికి వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా బియ్యం కుండ ముందు కూర్చుని మూత తీసింది. చేటని ముందుకి లాక్కుంది. సోల కుండలో ముంచింది.

ఒకటి. అరచేత్తో రాసి, పోసింది. జగన్నాధానిది.

రెండు. రాసి, పోసింది. గణపతిరావుది.

మూడు. తనది.

నాలుగోసారి సోల కుండలో ఉండగానే కాంతమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఎవరు ఉంటారో, ఎవరు పోతారో మాటల్లో చెప్పనక్కర్లేదు. సోలలు లెక్కపెడితే తెలుస్తుంది. పురిట్లో పోయిన బిడ్డ పెరిగి ఉంటే ఏదో ఒకనాడు ఇంకో సోల పడి ఉండేది.

బయట ఎద్దుల మెడల్లో గంటలు మోగాయి. కాడి ఎత్తుతున్న చప్పుడు.

"కాంతం!" జగన్నాధం కేక. "బండి సిద్దం. ఏటాలీసం? దాన్ని బయటికి పంపు!"

కాంతమ్మ ఆ కేక విననట్టే ఉంది. కుండలోకి చూస్తూ పళ్ళు బిగించింది. తరవాత సోల బలంగా, కుండ అడుగు గీరుకునేటట్టు ముంచి పైకి తీసింది. సోల మీద బియ్యం గోపురంలా నిలబడింది. అరచెయ్యి అలవాటుగా దాని మీదికి వచ్చింది.

వచ్చి ఆగింది. రాయలేదు.

అలాగే చేటలో కుమ్మరించింది. నాలుగు గింజలు నేల మీద చెదిరాయి. ముప్పై ఏళ్ళలో కాంతమ్మ చేతిలోంచి గింజ కింద పడ్డం అదే మొదలు.

"ఏటలా సూస్తావు?" కసురుకుంది. "రాళ్ళేరు."

నీలవేణి చేటని దగ్గరికి లాక్కుంది. చదును చెయ్యని ఆ నాలుగో సోల మీద ఎక్కువ పడ్డది సరిగ్గా పిడికెడు ఉంటుంది. అది పోయేవాళ్ళకి పెట్టే ఆఖరి కూడో, ఉండమనో ఆమె అడగలేదు. కాంతమ్మ చెప్పలేదు. ఆ సంగతి బహుశా కాంతమ్మకే తెలియదు.

అత్త చూస్తుండగానే నీలవేణి పిడికెడు బియ్యం తీసి ముంతలో వేసింది.

గుమ్మంలో నీడ పడింది. గణపతిరావు. చేతిలో చెర్నాకోల.

"బండి కట్టేను," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. అతని కళ్ళు చేటలో బియ్యం మీద ఉన్నాయి. మూడు సోలలో, నాలుగో, లెక్కకడుతున్నాడు.